ఉత్తినే పిలవకూడదు

నాకు కోపం తొందరగా వస్తుంది. ఒకటి, రెండు తరగతుల పిల్లలకు పాఠాలు చెప్పే మనిషికి ఉండకూడని గుణమే అది. మానుకుందామని ఎన్నిసార్లు అనుకున్నానో నాకే గుర్తులేదు. ఇప్పుడు చెప్పబోయే సంగతి కూడా నేను ఒక ఆరేళ్ల పిల్ల మీద కోప్పడటంతోనే మొదలైంది.

మా బడి ఏటిగట్టుకు లోపలి వైపు, గట్టును ఆనుకుని ఉంటుంది. గట్టెక్కితే వైనతేయ పాయ, పాయకు అవతల, నీళ్ల నడుమ లంక. బడిలో మొత్తం పందొమ్మిది మంది పిల్లలు. సగం మంది లంకలో చేలున్న ఇళ్లవాళ్లు, మిగతావాళ్లు పడవలూ వలలూ ఉన్న ఇళ్లవాళ్లు. నేను రోజూ అమలాపురం నుంచి బస్సులో వచ్చి, రోడ్డు మీద దిగి, గట్టు వెంబడి ఆటోలో వెళ్తాను. సంగీతం నాకు కాస్తో కూస్తో అంటుకుందంటే అది మా నాన్నగారి వల్లే. ఆయన చర్చిలో హార్మోనియం వాయించేవారు. పక్కన కూర్చుని పాటల పుస్తకంలో పేజీలు తిప్పడం నా చిన్నప్పటి ఉద్యోగం. ఆయన పోయాక హార్మోనియం నా వంతుకు వచ్చింది. దాన్ని తీసుకెళ్లి బడిలో పెట్టాను.

పిల్లలు దాన్ని రెండు రోజులు చూశారు. మూడో రోజు నుంచి నేను పాడుతుంటే గోడ మీద బల్లిని చూడటం మొదలుపెట్టారు. నా అంతటి గాయని పాడుతుంటే బల్లిని చూస్తారా అని ఉడుక్కున్నాను. ఇంటికి వెళ్లి ఆలోచిస్తే నవ్వొచ్చింది. వాళ్లకు బల్లి ముఖ్యం. సరే, బల్లితోనే మొదలుపెడదాం అనుకున్నాను.

ఆ తర్వాత వారానికి రెండు రోజులు మా బడిలోకి ఏదో ఒక జంతువు, దాని వెనక ఏదో ఒక దేశం వచ్చేవి. మంగోలియాలో తల్లి ఒంటె పిల్లను దగ్గరకు రానివ్వకపోతే, దాని పక్కన కూర్చుని మెత్తగా పాట పాడి మనసు మారుస్తారట. అది వినిపిస్తే పిల్లలు మోకాళ్ల మీద జరిగి జరిగి నా కుర్చీ దాకా వచ్చేశారు. ఒకడు తన మేకకు పాడతానని ఇంటికెళ్లి, మర్నాడు మోచేతికి దెబ్బతో వచ్చాడు. ఆస్ట్రేలియాలో పొడుగాటి కర్రగొట్టం ఊది పక్షి నవ్వును, అడవి కుక్క అరుపును పలికిస్తారని చెబితే, మధ్యాహ్నం భోజనం అయ్యేసరికి పెరట్లో బొప్పాయి చెట్టుకు ఒక్క ఆకు మిగల్లేదు. కాడలన్నీ బూరలైపోయాయి. బాలి దీవిలో కప్పల పాటను ఇద్దరిద్దరు పంచుకుని, ఒకళ్ల శబ్దం సందులో ఇంకొకళ్లు శబ్దం వేస్తారని చెప్పినప్పుడు మాత్రం వాళ్లు నన్ను జాలిగా చూశారు. బడి వెనక పంటకాలువలో కప్పలు చేసేది అదే కదా, ఇది కూడా తెలీదా ఈవిడకి అన్నట్టు. వెంటనే రెండు జట్లుగా చేరి చేసి చూపించారు. నేను హార్మోనియం మీద ఆ లయ పట్టుకోబోయి తప్పాను. వాళ్లు తప్పలేదు.

అలా ఒకరోజు నార్వే ఆవులు వచ్చాయి.

అక్కడ కొండల మీద ఆడవాళ్లు ఆవులను మేతకు వదిలి, సాయంత్రం పూట దూరం నుంచి పిలుస్తారు. ఆ గొంతు నా ఫోనులో ఉంది. పిల్లలకు వినిపించే ముందు ఇంట్లో ఒక్కదాన్నే విన్నాను. వినగానే చేతుల మీద రోమాలు లేచాయి. మాటలు లేవు. సన్నగా, పైకి, ఇంకా పైకి వెళ్లి, అక్కడ కాసేపు ఆగి, ఒక్కసారిగా కిందకు దిగుతుంది. మనిషి గొంతు అంత దూరం వెళ్లగలదని నేను అంతవరకు అనుకోలేదు. తరగతిలో అది పెట్టగానే బొప్పాయి వీరులు కూడా కదలకుండా కూర్చున్నారు. గొంతు పైకి వెళ్లింది, ఆగింది, దిగింది. అంతా నిశ్శబ్దం.

ఆ నిశ్శబ్దంలో వెనక వరుస నుంచి ఒక గొంతు చాలా మర్యాదగా, "ఆయ్" అంది.

తరగతి గొల్లుమంది. నాకు ఒళ్లు మండింది. అంత అందమైన క్షణాన్ని పాడుచేసింది ఎవరో కనుక్కుని నిలబెట్టాను. ముందు పళ్లు రెండూ ఊడిన ఒకటో తరగతి పిల్ల.

"ఎందుకన్నావలా?"

"పిలిచేరు కదండీ."

"నిన్నా పిలిచింది? ఆవుల్ని."

"ఆవులు కూడా ఏదో ఒకటి అంటాయి కదండీ. పిలిచినప్పుడు పలక్కపోతే ఆవిడికి ఎలా తెలుత్తాదండీ?"

కూర్చోమన్నాను. నిజం చెప్పాలంటే ఆ పూట నేర్చుకున్నది నేనే. నేను దాన్ని పాటగా విన్నాను, ఆ పిల్ల పిలుపుగా విన్నది. ఎక్కడి నార్వే, ఎక్కడి వైనతేయ, మధ్యలో ఎన్ని సముద్రాలు. అన్నీ దాటి ఆ పిలుపు ఒక ఆరేళ్ల పిల్లకు తగిలింది, ఆ పిల్ల పలికింది. ఆ సాయంత్రం బస్సులో కిటికీ పక్కన కూర్చుని దాని గురించే ఆలోచించాను.

అంతకుముందు, బడి వదిలాక వెళ్లబోతూ ఆ పిల్ల నా దగ్గరకు వచ్చి ఇంకో మాట చెప్పింది. "మా మామ్మ కూడా ఇలాగే పిలుత్తాదండీ, మా గేదెని."

అది మాఘమాసం. పాయలో నీళ్లు బాగా తగ్గి ఉన్నాయి. ఆ రోజుల్లో వాళ్ల గేదెను పొద్దున్నే లంకలోకి మేతకు తోలి, పొద్దువాలే వేళకు గట్టు మీద నుంచి పిలిచేవారు. మర్నాడు నేను ఆటో కోసం తొందరపడకుండా గట్టు మీద నిలబడ్డాను. మామ్మగారు వచ్చారు. డెబ్బై ఏళ్ల మనిషి, గట్టిగా గాలి వీస్తే తూలేటట్టు ఉంటారు. ఒక చేతిలో తవుడూ చిట్టూ కలిపిన తట్ట. దాన్ని కింద పెట్టి, కొంగు బిగించి, గొంతు విప్పారు.

"దాఆ" అన్న ఒక్క మాటే అందులో నాకు తెలిసింది. మిగతాదంతా గొంతే. బొంగురుగా మొదలై, సాగి, చివర్లో చిన్నగా పైకి విరిగింది. అవతల లంకలో చెట్ల మధ్య నల్లగా ఒకటి కదిలింది. తల ఎత్తింది. ఇంకోసారి పిలిచేసరికి నీళ్లలోకి దిగింది. కాసేపు నడిచి, కాసేపు ఈది, నేరుగా ఆవిడ కాళ్ల దగ్గరకు వచ్చి తట్టలో మూతి పెట్టింది. నాకు కళ్లు చెమర్చాయి. అన్ని దేశాలు తిరిగి వెతికినదాన్ని బడికి యాభై గజాల దూరంలో వదిలేశానని సిగ్గు కూడా వేసింది.

బడికి వచ్చి పిల్లలకు ఒకసారి వినిపించమని అడిగాను. ఆవిడ నవ్వేశారు. పోనీ ఫోనులో పట్టుకుంటాను, పిలవండి అన్నాను. ఈసారి నవ్వలేదు.

"అది పాటేంటండీ టీచర్ గారూ. దానికి నేనిచ్చిన మాటండి అది. పిలిత్తే వత్తాది. వచ్చేక నా చేతిలో ఏదో ఒకటి ఉండాలండి. ఉత్తినే పిలిచేననుకోండి, ఒకసారి వత్తాది, రెండోసారి వత్తాది. ఆ తరవాత ఎప్పుడో ఏరు పొంగుద్ది, అప్పుడు నిజంగా పిలుత్తాను. అది రాదండి. అప్పుడు నేనేం చెయ్యాలండీ?"

అర్థమైనట్టే తల ఊపాను. అర్థం కాలేదు. నాలుగు రోజుల తర్వాత అదే వేళకు గట్టు మీద, దింపిన కొబ్బరికాయల రాశి వెనక నిలబడి, హ్యాండ్‌బ్యాగులో ఫోను పెట్టి, ఆవిడ పిలుపు పట్టేసుకున్నాను. ఆవిడ నన్ను చూడలేదు. దొంగతనం అనే మాట నాకు తట్టలేదు. పిల్లల చదువు కోసం కదా అనుకున్నాను. టీచర్లకు ఈ ముక్క భలే ఉపయోగపడుతుంది.

వేసవి సెలవులు వచ్చి వెళ్లాయి. జూలైలో పాయకు కొత్త వరద ఎర్రనీరు తగిలింది. పొంగేమీ లేదు గానీ నీళ్లు బడి ముందున్న రేవు మెట్ల దాకా వచ్చాయి, నడిమధ్యలో చెత్తా కొమ్మలూ వేగంగా పోతున్నాయి. ఆ వారమే మళ్లీ నార్వే పాఠం తీశాను. ఇలాంటి పిలుపులు నాలుగు గోడల మధ్య వినేవి కావు, ఆరుబయట వినాలి అనిపించింది. జెండా పండగకు వాడే చక్రాల స్పీకరును పిల్లలతో గట్టు మీదకు తోయించాను. అందరినీ గట్టు పైన వరసగా కూర్చోబెట్టి, కిందకు ఒక్కరు దిగినా చెవి మెలేస్తానని చెప్పాను. ముందు నార్వే ఆవిడ పిలిచింది. పిల్లలు గాలిలోకి విన్నారు. తర్వాత, ఇప్పుడు మన పిలుపు వినండి అని గర్వంగా మామ్మగారి గొంతు పెట్టాను. స్పీకరు ఏటి వైపు తిరిగి ఉంది. గాలి కూడా అటే వీస్తోంది.

ఆ పిల్ల లేచి నిలబడింది. "అది మా మామ్మండీ."

"ఔను. విను."

"పిలవకూడదండీ టీచర్ గారూ. ఉత్తినే పిలవకూడదండీ."

"పాఠం మధ్యలో మాట్లాడతావా? కూర్చో."

కూర్చుంది. నేను ఇంకోసారి పెట్టాను. మూడోసారి కూడా పెట్టాను. అప్పుడు ఆ పిల్ల మళ్లీ లేచింది. ఈసారి నా వైపు చూడలేదు. లంక వైపు చూస్తూ ఏడవటం మొదలుపెట్టింది.

నీళ్లలో గేదె తల కనిపించింది.

తర్వాత తెలిసిన సంగతి ముందే చెబుతాను. ఆ గేదె చూడిది. నెలలు నిండుతున్నాయి. ఎర్రనీరు తగలగానే, ఈదడంలో ఇబ్బంది పడకుండా ఈనేదాకా లంకలోనే, తెలిసినవాళ్ల పాకలో ఉంచారు. పగలు విప్పి మేపుతున్నారు. ఏరు తీసేదాకా, అంటే నీళ్లు మళ్లీ తగ్గేదాకా, గట్టెక్కి పిలవనని మామ్మగారు నాలుగు రోజులుగా గట్టు వైపే రావడం లేదు. ఇంట్లో అందరికీ తెలిసిన ఈ సంగతి ఆ పిల్ల నాకు చెప్పబోయింది. నేను కూర్చోమన్నాను.

ఆ తలను చూసి నేను మొదట చేసిన పని స్పీకరు ఆపేయడం. ఆపితే గేదె వెనక్కి వెళ్తుందనుకున్నాను. వెళ్లలేదు. అప్పటికే సగం దూరం వచ్చేసింది. పిలుపు ఆగేసరికి తల అటూ ఇటూ తిప్పింది, ప్రవాహం దాన్ని దిగువకు లాగడం మొదలుపెట్టింది. మాకు దిగువన గట్టుకు నిలువు గోడలా రాళ్ల కట్టుబడి ఉంది. అక్కడ మనిషి కూడా పైకెక్కలేడు, కడుపుతో ఉన్న గేదె ఎలా ఎక్కుతుంది? ఎక్కడానికి వీలున్నది మేమున్న చోట, రేవు మెట్ల పక్కనున్న వాలు ఒక్కటే. పడవ చూస్తే అవతలి ఒడ్డున కట్టేసి ఉంది. నేను గట్టిగా కేకలు వేశాను, ఎవరికీ వినపడలేదు.

"ఆపకండీ" అంది ఆ పిల్ల. "ఆపితే దానికి దారి తెలవదండీ."

ఫోను కోసం తడుముకున్నాను. తొందరలో అది గడ్డిలో పడింది. నేను వంగి వెతుక్కునేలోపే ఆ పిల్ల గొంతు విప్పింది.

ముందు పళ్లు లేని ఆ నోట్లోంచి మామ్మ పిలుపు వచ్చింది. సన్నగా ఉంది, కానీ అదే సాగుడు, చివర్లో అదే విరుపు. ఎవరూ నేర్పలేదు. రోజూ సాయంత్రం గట్టు మీద విని విని ఒంట్లో దాచుకుంది. గేదె తల ఇటు తిరిగింది. కానీ ఆరేళ్ల ఊపిరి ఎంత? రెండు పిలుపులకే ఆయాసం వచ్చింది. ఆగిపోతుందేమోనని నేను భయపడే క్షణంలో పక్కనున్న పిల్లాడు అందుకున్నాడు. వాడి తర్వాత ఇంకో పిల్ల. ఒకళ్ల ఊపిరి తెగే చోట ఇంకొకళ్లు మొదలుపెట్టారు, కప్పల పాఠంలో చేసినట్టే. నేను లయ చెప్పలేదు, చెయ్యి ఊపలేదు. పందొమ్మిది మంది, ఒక్కరు కూడా గట్టు దిగకుండా, ఒకళ్ల చేతులు ఒకళ్లు పట్టుకుని, ఏటి మీద ఒక పిలుపును తెగకుండా నిలబెట్టారు. నేనూ పిలవబోయాను. నా గొంతు, చర్చిలో అందరూ మెచ్చుకున్న గొంతు, బయటకే రాలేదు.

చాలా చోట్ల చాలా సంగీతం విన్నాను. అంతటిది ఎప్పుడూ వినలేదు. ఒక పక్క గేదె ఏమవుతుందోనని భయం, ఇంకో పక్క వీళ్లు ఎవరు, వీళ్లకు నేను ఏం చెబుతున్నాను అనిపించింది. ఆ నల్లటి తల ఎర్రటి నీళ్లలో ఒక్కొక్క గజం దిగువకు పోతూ, ఒక్కొక్క గజం మా వైపు వస్తూ ఉంది. దాని ముక్కుపుటాల చప్పుడు వినపడేంత దగ్గరకు వచ్చినా పిల్లలు ఆపలేదు. రాళ్ల కట్టుబడి ఇక నాలుగు బారల దూరం ఉందనగా దాని ముందుకాళ్లకు నేల తగిలింది. రేవు వాలు మీద రెండుసార్లు జారి, మూడోసారి ఎక్కింది. ఎక్కి, ఒళ్లంతా వణుకుతూ నిలబడింది.

అప్పటికి మామ్మగారు గట్టు మీద పరుగులాంటి నడకతో వస్తున్నారు. ఇంట్లో బియ్యం ఏరుకుంటూ కూర్చుంటే తన గొంతు తనకే ఏటి మీద నుంచి వినపడిందట. నన్ను పలకరించలేదు. సరాసరి రేవు దిగి, గేదె పొట్ట మీద చెయ్యి వేసి కళ్లు మూసుకున్నారు. చాలాసేపు అలాగే ఉన్నారు.

"కదులుతోందండి" అన్నారు చివరికి. "దూడ బానే ఉంది."

నేను రేవు మెట్ల మీద కూలబడ్డాను. జరిగిందంతా దాచకుండా చెప్పాను. కొబ్బరి రాశి వెనక నిలబడిన సంగతి కూడా చెప్పాను. తప్పు నాదేనని, ఇప్పుడే ఫోనులో తీసేస్తానని అన్నాను. ఆవిడ తిడతారని ఎదురుచూశాను. తిడితే నాకు తేలిగ్గా ఉండేది.

"ఫోనులో తీసేత్తే దానికేం తెలుత్తాదండీ. అది వచ్చేసింది కదా." గేదె మెడ మీద నీళ్లు తుడుస్తూ నా వైపు చూశారు. "పిలిచేరు కదండీ టీచర్ గారూ. ఏం పెడతారండీ మరి?"

నా దగ్గర ఏముంది? ఆ పిల్ల అప్పటికే బడి వైపు పరిగెత్తుతోంది. వెనకాల మిగతావాళ్లందరూ. కాసేపటికి తలో పళ్లెం పట్టుకుని వచ్చారు. ఆ పూట మధ్యాహ్న భోజనం అన్నం, పప్పు. ఒక్కరు కూడా తినకుండా మొత్తం తెచ్చేశారు. నేను నా క్యారేజీ విప్పాను. మామ్మగారు ఎవరి పళ్లెమూ తీసుకోలేదు.

"మీరు పిలిచేరు, మీ చేత్తో పెట్టండి."

నేను అంతవరకు గేదెను ముట్టుకోలేదు. ఆటోలో వెళ్తుంటే ఎదురొస్తే కాళ్లు లోపలికి లాక్కునే మనిషిని. అరచేతిలో అన్నం పెట్టుకుని చాపాను. అది వాసన చూసింది. నన్ను చూసింది. దాన్ని నది దాటించిన మనిషి నేనేనని దానికి తెలుసనిపించింది. తర్వాత గరుకు నాలుకతో నా చెయ్యంతా ఊడ్చేసింది. నేను ఏడ్చాను, పిల్లల ముందే. తర్వాత వరసగా పందొమ్మిది చేతులు. మామ్మగారు అది చూసి, ఇప్పుడు సరిపోయింది అన్నట్టు తల ఊపారు.

గేదె శ్రావణంలో పెయ్యదూడను ఈనింది. కార్తీకంలో ఏరు తీశాక గేదెను మళ్లీ లంకకు తోలి, మామ్మగారు గట్టెక్కి పిలిచిన మొదటి రోజున నేను అక్కడే ఉన్నాను. నాలుగు నెలల తర్వాత పిలుస్తున్నారు, గేదె వస్తుందో రాదో అని లంక వైపే చూస్తూ నిలబడ్డాను. మొదటి పిలుపుకే తల ఎత్తింది. రెండో పిలుపుకు దిగింది. అది గట్టెక్కగానే మామ్మగారు తట్ట ముందుకు జరిపారు.

ఆవిడ పిలుపు ఇప్పుడు నా ఫోనులో లేదు, తీసేశాను. పిల్లల దగ్గర ఉంది, అది వాళ్లది. నార్వే పాఠం మాత్రం ఇప్పటికీ చెబుతున్నాను. మొన్న మళ్లీ ఆ పాఠం తీసి స్పీకరు మీట మీద వేలు పెట్టాను. ఇప్పుడు రెండో తరగతిలో ఉన్న ఆ పిల్ల లేచి నిలబడింది. పళ్లు వచ్చేశాయి.

"ఉండండి టీచర్ గారూ" అని బయటకు పరిగెత్తి, గట్టు వార నుంచి రెండు గుప్పిళ్ల పచ్చగడ్డి పీకి తెచ్చి వరండాలో పెట్టింది. "ఒకవేళ వత్తేనండీ."

నార్వే ఆవులు కోనసీమకు రావని చెప్పడానికి నోరు తెరిచాను. వరండాలోకి వెళ్లి చూశాను. రెండు గుప్పిళ్లు ఏ మూలకు వస్తాయి? నేనూ గట్టెక్కి ఇంకో రెండు గుప్పిళ్లు పీకి తెచ్చి పక్కన పెట్టాను. వచ్చి కూర్చున్నాక, "ఇప్పుడు పెట్టమంటావా?" అని అడిగాను.

"ఆయ్" అంది.